గ్యాలన్ అంటే ఎన్ని లీటర్లు? ముందు ఏ దేశమో చెప్పండి

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులకు పాల డబ్బా మీదా, పెట్రోలు బంకులోనూ గ్యాలన్లే కనిపిస్తాయి. వాటిని లీటర్లలోకి మార్చడం ఫోన్‌కు క్షణం పని. గుణకారం తప్పడం అరుదు. ఏ కొలతను గుణిస్తున్నామో చూసుకోకపోవడంతోనే పొరపాట్లు వస్తాయి.

అపోహ: గ్యాలన్ ఎక్కడైనా ఒకటే.

వాస్తవం: అమెరికా గ్యాలన్ 3.785 లీటర్లు. బ్రిటన్‌వారి ఇంపీరియల్ గ్యాలన్ 4.546 లీటర్లు. ఇంగ్లండులో పూర్వం వైన్‌కు ఒక గ్యాలన్, బీరుకు మరొకటి ఉండేవి. 1707లో, ఆన్ రాణి కాలంలో, 231 ఘనపుటంగుళాలుగా ఖరారైన వైన్ గ్యాలన్‌నే అమెరికా అట్టిపెట్టుకుంది. బ్రిటన్ మాత్రం 1824 చట్టంతో పాతవి రద్దు చేసి, 62 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర 10 పౌండ్ల స్వేదనజలం ఎంత చోటు తీసుకుంటే అదే గ్యాలన్ అంది. అందుకే ‘గ్యాలన్‌కు 30 మైళ్లు’ అనే కారు అమెరికా లెక్కలో లీటరుకు 12.75 కిలోమీటర్లు ఇస్తే, బ్రిటన్ లెక్కలో 10.6 మాత్రమే ఇస్తుంది.

అపోహ: బ్రిటన్ గ్యాలన్ పెద్దది కాబట్టి దాని ఔన్సూ పెద్దదే.

వాస్తవం: ఇక్కడ వరస తిరగబడుతుంది. బ్రిటన్ ద్రవ ఔన్సు 28.4 మిల్లీలీటర్లు, అమెరికాది 29.6. అయితే బ్రిటన్ పైంట్‌కు 20 ఔన్సులు, అమెరికా పైంట్‌కు 16. అందుకే మొదటిది 568 మిల్లీలీటర్లు, రెండోది 473.

అపోహ: వంటల్లో కప్పు అంటే 250 మిల్లీలీటర్లు.

వాస్తవం: ఆస్ట్రేలియాలో అంతే. అమెరికా కప్పు సుమారు 237. టేబుల్ స్పూను అమెరికాలో దాదాపు 15, ఆస్ట్రేలియాలో 20 మిల్లీలీటర్లు. పులుసుకు ఈ తేడా పట్టదు, కేకుకు పడుతుంది. పిల్లల మందును మాత్రం వంటింటి చెంచాతో కొలవనే కూడదు. సీసాతో వచ్చిన గీతల మూతతోనే పోయాలి.

అపోహ: లీటరంటే కిలోనే.

వాస్తవం: అది నీటికి చెల్లుతుంది. లీటరు వంటనూనె సుమారు 910 గ్రాములే తూగుతుంది. ఈ తేడాను సరిగా లెక్కగట్టక ఒక విమానమే ఆకాశంలో ఆగిపోయింది. 1983 జులై 23న ఎయిర్ కెనడా బోయింగ్ 767కు 22,300 కిలోల ఇంధనం కావాలి. ట్యాంకుల్లో 7,682 లీటర్లున్నాయి. దాని బరువు తేల్చడానికి 1.77తో గుణించారు. అది లీటరుకు పౌండ్ల లెక్క. కిలోల్లో అయితే దాదాపు 0.8. వచ్చిన పౌండ్లను కిలోలనుకుని, మిగతా కొద్దీ నింపి బయల్దేరారు. కావలసినదాంట్లో సగం కూడా లేదు. 41,000 అడుగుల ఎత్తున ఇంధనం అయిపోయింది. పైలట్లు ఇంజిన్లు లేకుండానే విమానాన్ని గిమ్లీలోని పాత వైమానిక స్థావరంలో దించారు. ఎవరి ప్రాణాలూ పోలేదు.

అపోహ: మనదేశం మెట్రిక్‌లోకి మారింది కాబట్టి పాత కొలతలతో మనకు పనిలేదు.

వాస్తవం: కృష్ణా, గోదావరి నీళ్ల వార్తలన్నీ అడుగుల్లోనే నడుస్తున్నాయి. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, అంటే దాదాపు 2,832 కోట్ల లీటర్లు. ఇది నిల్వకు కొలత. క్యూసెక్కు ప్రవాహానికి కొలత. సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే 28.3 లీటర్లు. జలాశయంలో లక్ష క్యూసెక్కులున్నాయనడం తప్పు, వస్తున్నాయనో పోతున్నాయనో అనాలి. 11,574 క్యూసెక్కులు రోజంతా పారితే ఒక టీఎంసీ. కాబట్టి శ్రీశైలానికి లక్ష క్యూసెక్కుల వరద వస్తోందని పేపర్లో చదివితే, అదే జోరు 24 గంటలు ఉంటే 8.64 టీఎంసీలు చేరతాయని లెక్కేసుకోవచ్చు.