గెలాక్సీని పస్తు పెట్టిన కృష్ణబిలం

కృష్ణబిలం అనగానే దగ్గరికి వచ్చిన ప్రతిదాన్నీ మింగేసే రాకాసి నోరు గుర్తుకొస్తుంది. కానీ ఒక గెలాక్సీ ఎదుగుదల ఆగిపోవడానికి అది మింగిన పదార్థం కన్నా, బయటికి తోసేసిన పదార్థమే పెద్ద కారణం కావచ్చు. జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు పరిశీలనలు ఇందుకు బలమైన ఆధారాన్ని అందించాయి.

ఆ గెలాక్సీ పేరు జీఎస్-10578. శాస్త్రవేత్తలు దీన్ని ‘పాబ్లో గెలాక్సీ’ అని ముద్దుగా పిలుస్తారు. మనకు ఇప్పుడు చేరుతున్న దాని కాంతి దాదాపు 1,150 కోట్ల సంవత్సరాల క్రితం బయలుదేరింది. అంటే, మనం చూస్తున్నది మహావిస్ఫోటనం తర్వాత సుమారు 200 కోట్ల సంవత్సరాలకు ఆ గెలాక్సీ ఉన్న తీరు. అప్పటికే దాని ద్రవ్యరాశి సూర్యుడికి 20,000 కోట్ల రెట్లు. అయితే విశ్వమంతటా నక్షత్రాలు జోరుగా పుడుతున్న ఆ కాలంలో, ఇంత పెద్ద గెలాక్సీలో మాత్రం కొత్త నక్షత్రాల పుట్టుక దాదాపు నిలిచిపోయింది. ఎందుకు?

నక్షత్రాలకు ముడిసరుకు చల్లని వాయువు. అది తన గురుత్వాకర్షణకే లోనై కుదించుకుపోతేనే నక్షత్రం పుడుతుంది. వాయువు బాగా వేడెక్కినా, గెలాక్సీని వదిలి వెళ్లిపోయినా ఆ పని జరగదు.

గెలాక్సీ కేంద్రంలోని అతిభారీ కృష్ణబిలం ఈ రెండూ చేయగలదు. దాని గురుత్వాకర్షణ పట్టు కేంద్రానికి దగ్గరలోనే ఉంటుంది. కానీ అక్కడ వెలువడే శక్తి చాలా దూరం వెళుతుంది. లోపల పడబోయే పదార్థం కృష్ణబిలం చుట్టూ పళ్లెంలా సుడి తిరుగుతూ విపరీతంగా వేడెక్కుతుంది. సూర్యుడిలో హైడ్రోజన్ హీలియంగా మారేటప్పుడు ద్రవ్యరాశిలో 0.7 శాతమే శక్తి అవుతుంది. ఇక్కడ అది దాదాపు 10 శాతం. ఈ శక్తి తాకిడికి చుట్టూ ఉన్న వాయువు పెనుగాలిలా బయటికి వీస్తుంది.

ఇలాంటి గాలులను శాస్త్రవేత్తలు ముందే చూశారు. అయితే వారికి కనిపించింది ఎక్కువగా వేడెక్కి మెరిసే పలుచని వాయువే. ఒక గెలాక్సీని ఎండగట్టడానికి ఆ కాస్త వాయువు పోతే సరిపోదు. మిగతాది చల్లగా, దట్టంగా ఉండి వెలుగునివ్వదు కనుక అంత సులువుగా చిక్కలేదు.

వెబ్ టెలిస్కోపు ఆ చల్లని వాయువును దాని నీడను బట్టి పట్టుకుంది. వెనకనున్న నక్షత్రాల కాంతిలో కొంత భాగాన్ని వాయువులోని సోడియం పీల్చుకుంటుంది. అందువల్ల వర్ణపటంలో నల్లని గీతలు పడతాయి. ఆ గీతలు ఎంత జరిగాయో చూస్తే వాయువు వేగం తెలుస్తుంది.

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తల నాయకత్వంలోని బృందం 2024లో ‘నేచర్ ఆస్ట్రానమీ’ పత్రికలో ఈ ఫలితాలను ప్రచురించింది. గెలాక్సీ నుంచి వాయువు సెకనుకు దాదాపు 1,000 కిలోమీటర్ల వేగంతో వెళుతోంది. గెలాక్సీ ఆకర్షణను తప్పించుకోవడానికి ఆ వేగం చాలు. పైగా, కొత్త నక్షత్రాల తయారీకి ఖర్చయ్యే వాయువు కన్నా ఇలా పోతున్నదే ఎక్కువ.

కంప్యూటర్ నమూనాల్లో కృష్ణబిలాల ప్రభావాన్ని తీసేస్తే, పెద్ద గెలాక్సీలు వాస్తవంలో ఉన్నదాని కన్నా మరీ పెద్దవిగా పెరిగిపోతాయి. అందుకే సిద్ధాంతకర్తలు ఇలాంటి అడ్డుకట్ట ఉండాలని చాలాకాలంగా అంటున్నారు. తొలినాటి విశ్వంలో అది పనిచేస్తుండగా ఇప్పుడు కనిపించింది. ఒక్క గెలాక్సీతో లెక్క తేలిపోదు. కానీ చల్లని వాయువును పట్టే దారి దొరికింది కాబట్టి, అలా పస్తుండి ఆగిపోయిన మిగతా గెలాక్సీలను కూడా ఇకపై వెతకవచ్చు.