మాంస ఉత్పత్తులలో కీటకాల పొడి – రొయ్య చెప్పే జాగ్రత్త

గిలకలదిండి వంటి మత్స్యకార రేవులలో రొయ్యపొట్టు సుపరిచితమైన ఆహారం. రొయ్య, కీటకం రెండూ సంధిపాద జీవులే. రెండింటి పెంకులోనూ కైటిన్ ఉంటుంది. కనుక సాసేజిలలో కొంత మాంసానికి బదులుగా మీల్‌వర్మ్ లేదా పట్టుపురుగు ప్యూపా పొడి కలపడం ఇక్కడివారికి మరీ వింత కాకపోవచ్చు. అయితే కెల్డాల్ పద్ధతిలో నత్రజనిని 6.25తో గుణిస్తే కైటిన్‌లోని నత్రజని కూడా మాంసకృత్తుల లెక్కలో చేరుతుంది. మీల్‌వర్మ్ లార్వాలకు 2017లో సూచించిన గుణకం 4.76 మాత్రమే.

అంతకంటే ముఖ్యమైనది అలర్జీ. రొయ్యలు పడకపోవడానికి ప్రధాన కారణమైన ట్రోపోమయోసిన్ కీటకాలలోనూ ఉంది. ఉడికించినా సులభంగా నశించదు. ఐరోపా సమాఖ్య 2021లో ఎండు మీల్‌వర్మ్‌ను అనుమతిస్తూ ఈ హెచ్చరికను లేబుల్‌పై తప్పనిసరి చేసింది. మన విస్తరణ శాస్త్రవేత్తలు రుచి పరీక్షకు ముందే ప్రతి ఒక్కరినీ అడగాలి: “మీకు రొయ్యలు పడతాయా?”