ఆటలెక్కలో న్యాయము



మా అనంతపురపు బాలురు కొందరు ఇంగ్లండు దేశపు కాలిబంతి ఆటగాండ్రను పదునైదుగురిని ఏరి, ఊహలో జట్టు కూర్చుకొందురు. ఆ ఆటగాండ్రు మైదానమున నిజముగా ఆడినదానినిబట్టి ఈ ఊహాజట్టునకు పాయింట్లు వచ్చును.

పూర్వము ఎదిరిపక్షమునకు ఒక్క గోలైనను పడనీకున్ననే వెనుకవరుస ఆటగానికి 4 పాయింట్లు. ఒకటి పడెనా, ఆ నాలుగును పోయెడివి; ఆటంతయు అడ్డుకొన్న శ్రమకు వేరుగా లెక్క లేదు. 2025-26 పోటీలనుండి, అతడు ఒక ఆటలో బంతిని అడ్డుకొనుట, లాగికొనుట, దూరముగా తన్నివైచుట కలిపి పదిమార్లు చేసినచో 2 పాయింట్లిచ్చు నియమము చేసిరి. చెరువుకట్ట కాచిన నీరుగంటికి కళ్లమున మేర యిచ్చు న్యాయమే యిది. కోసినవానికే గింజ యన్నచో కట్ట కాచువా డెవడు?

అయితే ఆ మార్పును పోటీలకు ముందే చాటిరి. మా వీథి బాలురు మాత్రము తమ సొంతలెక్కను నడుమనే మార్చబూని, కలహించి, నాయొద్దకు వచ్చిరి. మార్పు కోరినవాడు ఓడుచున్నవాడే. "నీ కోరిక న్యాయమే, కాలమే తప్పు, వచ్చే యేటినుండి మార్చుకొనుడు" అని తీర్పు చెప్పితిని.

క్రొత్త కుంచము ఎంత సరియైనదైనను, రాశి కొలుచుచుండగా నడుమ మార్చరాదు. గింజ గింజకు వానదేవుని వేడు సీమవారము. కొలతవిలువ మనకు వేరే చెప్పవలయునా? సెలవు.