బెంచీ మీద మూడేళ్లు

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్లో క్వార్టర్‌బ్యాక్ చోటు ఒక్కటే. బంతిని ఎవరికి విసరాలో క్షణాల్లో తేల్చేది అతనే. క్రికెట్ జట్టులో రెండో వికెట్ కీపర్‌లాగే, రెండో క్వార్టర్‌బ్యాక్ ఎంత మొనగాడైనా ముందువాడికి దెబ్బ తగిలితేనో, ఫామ్ పోతేనో తప్ప సాధారణంగా మైదానంలోకి దిగడు.

జో బరో అలా మూడేళ్లు కూర్చున్నాడు. 2015లో సొంత రాష్ట్రంలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో చేరిన అతను అక్కడ విసిరిన పాసులు మొత్తం 39. 2017 సీజన్ ముందు బంతి విసిరే చేతి ఎముక విరిగింది. ఆలోగా జట్టులోని మరో క్వార్టర్‌బ్యాక్ డ్వేన్ హాస్కిన్స్ ముందుకొచ్చాడు. కాలేజీ మారితే ఏడాదిపాటు ఆటకు దూరంగా ఉండాలన్నది అప్పటి నిబంధన. డిగ్రీ పూర్తిచేసినవాళ్లకు మాత్రం మినహాయింపు. బరో చేతిలో డిగ్రీ ఉంది. 2018లో లూసియానా స్టేట్‌కు వెళ్లిపోయాడు.

మరుసటి ఏడాది స్కోరు తెచ్చిన 60 టచ్‌డౌన్ పాసులు, 15 మ్యాచ్‌ల్లో 15 విజయాలు, కాలేజీ ఆటలో ఏటి మేటి ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ, జాతీయ టైటిల్! ఈ ఆటంతా అతనిలో అంతకుముందు లేదా? ఉండే ఉంటుంది. చూపించే చోటే దొరకలేదు.

మరో క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్ కథ ఇంకా కరుకు. 2018 జనవరిలో అట్లాంటా మెర్సిడెస్-బెంజ్ స్టేడియంలో జాతీయ ఫైనల్. అతని జట్టు అలబామా వెనకబడటంతో విరామంలో కోచ్ అతణ్ని పక్కనపెట్టి టువా టాగొవైలోవాను దించాడు. టువా కప్పు గెలిపించాడు. హర్ట్స్ అలిగి వెళ్లిపోలేదు. అదే ఏడాది డిసెంబరులో, అదే స్టేడియంలో, టువా గాయపడితే చివరి క్వార్టర్లో దిగి ఓడుతున్న మ్యాచ్‌ను 35-28తో నిలబెట్టాడు. ఆ నెలలోనే పట్టా పుచ్చుకుని, తర్వాత ఓక్లహోమాలో చేరాడు. 2019 డిసెంబరు 28న మళ్లీ ఆ మైదానమే, ఎదుట బరో. బరో తొలి సగంలోనే 7 టచ్‌డౌన్ పాసులు విసిరాడు. హర్ట్స్ జట్టు 63-28తో ఓడింది. అయినా 2025లో ప్రొఫెషనల్ లీగ్ ఫైనలైన సూపర్ బౌల్లో ఉత్తమ ఆటగాడు హర్ట్సే.

కాలేజీ మారినందుకు వీళ్లను విశ్వాసం లేనివాళ్లనడం అన్యాయం. కోచ్‌లు మంచి జీతం వస్తే ఎప్పుడైనా మారేవారు. ఏడాది శిక్ష విద్యార్థికే పడేది. 2018 అక్టోబరులో, మారాలనుకునే ఆటగాళ్లు పేరిచ్చే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది. 2021లో ఒకసారి, 2024 నుంచి చదువు సక్రమంగా ఉంటే ఎన్నిసార్లైనా, ఆట మానుకోకుండానే మారే వీలు కలిగింది. మంచి మార్పే.

కానీ పోర్టల్లో పేరిచ్చిన ప్రతి కుర్రాడికీ కొత్త జట్టు దొరకదు. పేరిచ్చాక పాత కాలేజీ స్కాలర్‌షిప్ ఆపేయవచ్చు కూడా. మారే స్వేచ్ఛ ఇచ్చినవారే ఈ పిల్లల చదువుకూ పూచీపడాలి. కొత్త చోటు కుదిరేదాకా ఏ కాలేజీ స్కాలర్‌షిప్ తెంచకూడదు.