కొండవీటి వాగు: భౌగోళిక స్వరూపం – వరద స్వభావం

వ్యాససంగ్రహం: పల్నాడు జిల్లా ఎడ్లపాడు మండలంలోని కొండవీటి కొండలలో పుట్టి, ఉండవల్లి వద్ద కృష్ణానదిలో కలిసే కొండవీటి వాగు భౌగోళిక స్వరూపాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. వాలు, నేల స్వభావం, నదీమట్టం అనే మూడు అంశాలు కలిసి దిగువ గ్రామాల ముంపునకు కారణమవుతున్న తీరును పరిశీలిస్తుంది.

కీలక పదాలు: కొండవీడు, ఎడ్లపాడు, పరీవాహక ప్రాంతం, నల్లరేగడి, ముంపు, ఎత్తిపోతలు.

1. ప్రవేశిక

అడవి వాగు స్వభావాన్ని నిర్ణయించే అంశాలలో ముఖ్యమైనది, దాని పరీవాహక ప్రాంతం నీటిని నిలుపుకొనే విధానం. హిమాలయాల వంటి శీతల ప్రాంతాలలో చలికాలపు మంచు సహజ జలాశయంగా పనిచేస్తుంది. అది వేసవిలో క్రమంగా కరిగి వాగులకు చేరుతుంది. తెలుగునాట కొండవాగులకు ఆ ఆధారం లేదు. ఇక్కడ ఆ పనిని అడవి నేల, చెరువులు చేయవలసి ఉన్నది. అవి నిలుపలేని నీరు కొద్ది గంటలలోనే వరదగా మారుతుంది. కొండవీటి వాగు దీనికి చక్కని నిదర్శనం.

2. జన్మస్థానం

గుంటూరు – చిలకలూరిపేట జాతీయ రహదారిపై ఉన్న ఎడ్లపాడుకు ఉత్తర దిశలో కొండవీటి కొండలు విస్తరించి ఉన్నాయి. ఇవి తూర్పు కనుమల నుండి విడివడి, మైదానంలో నిలిచిన కొండల వరుస. వీటిపై కురిసిన వాన రెండు దిక్కులకు చీలుతుంది. దక్షిణపు వాలుల నీరు నల్లమడ వాగు వ్యవస్థ ద్వారా బాపట్ల ప్రాంతంలో సముద్రానికి చేరుతుంది. ఉత్తరపు వాలుల నీరు కొండవీటి వాగుగా కృష్ణకు మళ్లుతుంది.

సీతాఫలాలకు పేరుపొందిన ఈ కొండలపై పొదలు, ముళ్లచెట్లతో కూడిన శుష్కారణ్యం ఉన్నది. రెడ్డిరాజుల రాజధానిగా వెలసి, 1515లో శ్రీకృష్ణదేవరాయల వశమైన దుర్గం కూడా ఇక్కడిదే. దుర్గంలో ముత్యాలమ్మ, పుట్టాలమ్మ, వెదుళ్ల చెరువులు ఉన్నాయి. కోటలోని వారికి నీరందించిన ఈ చెరువులు, వాననీటిని కొండమీదనే ఆపవచ్చునన్న అవగాహనకు సాక్ష్యాలు.

3. ప్రవాహ మార్గం

కొండల పాదం నుండి వాగు ఈశాన్య దిశగా మేడికొండూరు, తాడికొండ, తుళ్లూరు, మంగళగిరి, తాడేపల్లి మండలాల మీదుగా సాగుతుంది. కోటేళ్ల వాగు, పాలవాగు వంటి పాయలు ఇందులో కలుస్తాయి. ఎగువన వాలు ఎక్కువ, మట్టిపొర పలుచన. కాబట్టి నీరు వేగంగా జారుతుంది. దిగువన నేల దాదాపు సమతలం. అక్కడి నల్లరేగడి తడిసిన కొద్దీ ఉబ్బి, పగుళ్లు మూసుకుపోయి, నీటిని లోనికి ఇంకనీయదు. వేగంగా వచ్చిన నీరు నెమ్మదిగా కదిలే చోట పొలాలపైకి పరచుకుంటుంది.

4. ముంపునకు కారణం

వాగు కృష్ణలో కలిసే చోటు ప్రకాశం బ్యారేజీకి ఎగువన ఉన్నది. నదికి వరద వచ్చినపుడు బ్యారేజీ ఎగువన నీటిమట్టం పెరిగి, వాగు నీరు నదిలోకి దిగలేక వెనుకకు ఎగదన్నుతుంది. నీరుకొండ, కృష్ణాయపాలెం పరిసరాలు మునగడానికి మూలం ఇదే. ఈ ప్రాంతం అమరావతి రాజధాని పరిధిలోకి రావడంతో సమస్య తీవ్రత పెరిగినది.

2018 సెప్టెంబరులో ఉండవల్లి వద్ద 5,000 క్యూసెక్కుల సామర్థ్యంతో ఎత్తిపోతల పథకం ప్రారంభమైనది. ఇది సెకనుకు సుమారు 141 ఘనపు మీటర్లకు సమానం. ఉదాహరణకు 100 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో 10 సెంటీమీటర్ల వాన కురిసి, అందులో సగం వాగులోకి చేరిందనుకొంటే, ఆ నీటిని తోడడానికి దాదాపు పది గంటలు పడుతుంది. నాలుగో వంతు మాత్రమే చేరితే ఐదు గంటలు చాలు. అంటే ఎగువన ఇంకిన ప్రతి చుక్క దిగువన పంపుల భారాన్ని తగ్గిస్తుంది.

5. ముగింపు

రాజధాని ప్రణాళికలో నీరుకొండ, శాఖమూరు, కృష్ణాయపాలెం జలాశయాలకు చోటు దక్కినది. ఇవన్నీ దిగువ ప్రాంతపు ఏర్పాట్లే. వరద రూపుదిద్దుకొనేది మాత్రం కొండవాలులపైన. అడవిని కాపాడడం, దుర్గపు చెరువులలో పూడిక తీయడం, కొండపాదాన చిన్న ఆనకట్టలు నిర్మించడం దిగువ పనులకు ప్రత్యామ్నాయాలు కావు, వాటికి పూరకాలు. పంపులు వచ్చిన నీటిని తోడగలవే గాని, అది వచ్చే వేగాన్ని తగ్గించలేవు. ఆ పని ఎడ్లపాడు మండలపు కొండలలోనే మొదలు కావలసి ఉన్నది.