రికార్డింగ్‌లో టప్ టప్ సౌండ్ వస్తోందా? ఆడియో ఇంటర్‌ఫేస్ అమ్మేసే ముందు ఇది చూడండి

ఈ రోజు ఎపిసోడ్ నా సొంత దెబ్బ నుంచి వచ్చింది.

మా నానమ్మ కంటి చెకప్ కోసం కొండాపూర్‌లో మా రూమ్‌కి వచ్చి రెండు రోజులు ఉంది. ఆమెకి బోలెడు బతుకమ్మ పాటలు వచ్చు, ఒక్కటీ రాసి లేదు. మైక్‌ని ఇంటర్‌ఫేస్‌కి, దాన్ని ల్యాప్‌టాప్‌కి కలిపి రెండు పాటలు పాడించా. ఊరెళ్లిపోయాక వింటే, మొదటి పాట నిండా టప్ టప్. మాటలే తెగిపోయాయి. ఫోన్ చేసి మళ్లీ పాడమంటే, "ఇప్పుడు గొంతు లేస్తలేదు బిడ్డా" అంది.

ఇంటర్‌ఫేస్ పాడైందనుకుని అమ్మడానికి ఫోటోలు కూడా తీశా. తీరా చూస్తే తప్పు నా సెట్టింగ్‌ది.

హైటెక్ సిటీలో షేర్ ఆటో ఎక్కారు కదా? సీట్లు నిండితేనే కదులుతుంది. మన గొంతు కూడా కంప్యూటర్‌లోకి అలాగే వెళ్తుంది. సెకనుకి 48,000 శాంపిల్స్, అంటే అంతమంది ప్యాసింజర్లు. బఫర్ సైజ్ అంటే ఆటోలో సీట్లు. 64 పెడితే సెకనుకి 750 ట్రిప్పులు. ప్రాసెసర్ ఒక్క ట్రిప్ మిస్ అయినా ఆ ముక్క పోతుంది, అదే టప్. 1024 పెడితే ట్రిప్పులు తక్కువ, కానీ ఒక్కో ట్రిప్‌కి 21 మిల్లీసెకన్లు ఆగాలి. వెళ్లడానికోసారి, రావడానికోసారి. అందుకే మన గొంతు మనకే లేటుగా వినిపిస్తుంది.

నేను 64 పెట్టా. సరిగ్గా అప్పుడే వెనకాల ఒక అప్‌డేట్ డౌన్‌లోడ్ అవుతోంది. రెండో పాట టైమ్‌కి అది అయిపోయింది, ఆ పాట బతికింది.

మరి ఏం చేయాలి? వరసగా చెప్తా. ఒకసారికి ఒక్కటే మార్చండి. నాలుగూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు.

ముందు బఫర్ 256 పెట్టండి. ఇంకా టప్ అంటే 512. గొంతు లేటుగా వస్తే ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ బటన్ ఉందేమో చూసి ఆన్ చేయండి. గొంతు కంప్యూటర్‌కి వెళ్లిరాకుండానే హెడ్‌ఫోన్స్‌లో వినిపిస్తుంది.

రెండోది, యూఎస్‌బీ హబ్ తీసేసి నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టండి. కేబుల్ కూడా మార్చి చూడండి. వైఫై, బ్లూటూత్ ఆపండి, పవర్ సేవర్ తీసేయండి.

మూడోది, విండోస్ అయితే ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చిన ఏసియో డ్రైవర్ వేయండి. ఇక్కడ మనోళ్లందరికీ ఒక చిక్కు. ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో డ్రైవర్ వేయడానికి చాలాచోట్ల పర్మిషన్ ఉండదు, వెనకాల సెక్యూరిటీ స్కాన్లు తిరుగుతుంటాయి. రికార్డింగ్‌కి అది వద్దు, సొంతదో ఫ్రెండ్‌దో వాడండి.

నాలుగోది, శాంపిల్ రేట్. సాఫ్ట్‌వేర్‌లో, ఇంటర్‌ఫేస్‌లో ఒకటే ఉండాలి. 44,100లో పాడింది 48,000లో ప్లే అయితే పాట స్పీడవుతుంది, శ్రుతి దాదాపు ఒకటిన్నర మెట్టు పైకి పోతుంది.

టప్ కాకుండా "మ్‌మ్‌మ్" అని గుయ్యిమంటే అది వేరే కథ. మన కరెంట్ 50 హెర్ట్జ్, ఆ మోత అక్కడి నుంచే వస్తుంది. చార్జర్ పీకి బ్యాటరీ మీద పెట్టి వినండి. మోత ఆగిందా? సమస్య ఎర్తింగ్‌ది. అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టి చూడండి. ఎర్త్ పిన్ మాత్రం విరగ్గొట్టకండి, షాక్ కొడుతుంది.

మైక్ అసలు పలకట్లేదా? కండెన్సర్ మైక్ అయితే 48 వోల్టుల బటన్ నొక్కారా చూడండి.

చివరిగా, నేను చేయనిది మీరు చేయండి. ముందు ఒక్క నిమిషం రికార్డ్ చేసి హెడ్‌ఫోన్స్‌లో వినండి. మొత్తం అయ్యాక, పాడినవాళ్లు లేచి వెళ్లకముందే ఇంకోసారి వినండి. మీ ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి పక్కనే రికార్డర్ ఆన్ చేయండి. క్వాలిటీ తక్కువైనా పాట మిగులుతుంది. తెగిపోయిన మాటని ఏ ప్లగిన్ వెనక్కి తేలేదు.

ఈసారి బతుకమ్మకి ఊరెళ్తున్నా, ఇంటర్‌ఫేస్ బ్యాగ్‌లోనే ఉంది. నానమ్మ గొంతు లేస్తే ఆ మొదటి పాట మీకూ వినిపిస్తా. మీ ఇంట్లో పాడే పెద్దవాళ్లు ఉంటే ఈ ఆదివారమే కూర్చోబెట్టండి. మళ్లీ కలుద్దాం, ఉంటా మరి.