పరీక్ష అట్ట – మన చేతులతో

హాస్టల్ విద్యార్థికి పుస్తకం, పెన్ను తర్వాత ఏ వస్తువు ముఖ్యం అని అడిగితే నేను పరీక్ష అట్ట అనే చెబుతాను. కొందరు ప్యాడ్ అంటారు. ఇంటి దగ్గర బల్ల, కుర్చీ ఉన్న పిల్లలకు అది పరీక్ష జరిగే మూడు గంటలకే పనికొచ్చే వస్తువు. మనం నేల మీద కూర్చొని చదివేవాళ్ళం. మనకు బల్ల అంటే ఒడిలో పెట్టుకొనే ఆ అట్టే. ఏడాది పొడవునా రోజూ దాని మీదే రాస్తాం కాబట్టి అది త్వరగా విరుగుతుంది. చాలాసార్లు సరిగ్గా పబ్లిక్ పరీక్షల ముందే విరుగుతుంది.

మిత్రులారా, విరిగిన అట్టను ఒకసారి జాగ్రత్తగా చూడండి. క్లిప్పు బాగానే ఉంటుంది. దాని రివెట్ల దగ్గర అట్ట చీలి ఉంటుంది. దుకాణంలో దొరికే అట్టలు ఎక్కువగా మూడు మిల్లీమీటర్ల హార్డ్‌బోర్డుతో చేసినవి. 1924లో అమెరికాలో విలియం మేసన్ అనే ఆయన కలప మిల్లుల్లో వృథాగా పోయే చెక్క ముక్కలను ఆవిరితో పీచు చేసి, గట్టిగా అదిమి ఈ పలకను తయారు చేశాడు. ఒకవైపు నున్నగా, ఇంకోవైపు జల్లెడ గుర్తులతో ఉండేది అదే. తడి తగిలితే పీచు ఉబ్బుతుంది. క్లిప్పు నొక్కిన ప్రతిసారీ స్ప్రింగు బలమంతా ఆ రెండు రంధ్రాల మీదే పడుతుంది. ఉబ్బిన పీచు ఎన్నాళ్ళు ఆగుతుంది?

అందుకే క్లిప్పు దాచుకొని, చెక్క మాత్రం మనం చేసుకోవచ్చు. మా చిన్నాయన బడికి పోలేదు. పట్నంలో ప్లైవుడ్ పని నేర్చుకొని, ఇంటి పక్కన రేకుల షెడ్డులో సొంతంగా పని చేసుకుంటున్నాడు. సెలవుల్లో ఆయన దగ్గర నేను నేర్చుకున్న పని ఇది.

ఒకే పలక చెక్క దీనికి పనికిరాదు. వానాకాలంలో చెక్క అడ్డంగా ఉబ్బి దోనెలా వంగుతుంది. కొండపల్లి బొమ్మలు చేసే పొణికి కర్ర తేలికే కానీ మెత్తన, పెన్ను నొక్కితే గాడి పడుతుంది. ప్లైవుడ్‌లో పలుచని పొరలను ఒకదాని మీద ఒకటి అడ్డంగా, నిలువుగా అతికిస్తారు. ఒక పొర చీలబోతే పక్క పొర పట్టుకుంటుంది. నాలుగు మిల్లీమీటర్ల మందం తీసుకోండి. ఒకే పదార్థమైతే, వంగకుండా నిలిచే శక్తి మందం యొక్క ఘనాన్ని బట్టి పెరుగుతుంది. అంటే మూడు నుంచి నాలుగుకు పోతే అది రెండు రెట్లకు పైనే. ఫిజిక్స్ సూత్రం చెప్పి నేను దీన్ని వివరించబోతే, చిన్నాయన రెండు ముక్కలు తీసి మోకాలి మీద వంచి చూపించాడు. షీటు మీద ఐ.ఎస్. 303 అని ఉన్న మామూలు రకం చాలు. ఐ.ఎస్. 710 మెరైన్ రకానికి డబ్బు దండగ.

ఇక కొలత. ఎ4 కాగితం పొడవు 297 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 11.7 అంగుళాలు. క్లిప్పుకు చోటు కలిపితే 9 అంగుళాల వెడల్పు, 13 అంగుళాల పొడవు సరిపోతుంది. ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు ఉన్న షీటులో పొడవు వైపు పది, వెడల్పు వైపు మూడు, మొత్తం ముప్పై అట్టలు వస్తాయి. మిగిలే పట్టీ తొమ్మిది అంగుళాలకు కాస్త తక్కువ ఉంటుంది. అందులో ఇంకో ఏడు వస్తాయి, వాటికీ ఎ4 కాగితం పడుతుంది. షీటు ధరను ముప్పై ఏడుతో భాగిస్తే ఒక్కో అట్టకు చెక్క ఖర్చు తెలుస్తుంది. ఒక్కడే షీటు కొనడం కష్టం గానీ హాస్టలంతా కలిస్తే కష్టం కాదు. ఫర్నిచర్ పని జరిగే చోట అడిగితే తుక్కు ముక్కలు కూడా దొరుకుతాయి.

మూలమట్టం పెట్టి గీత గీసి, ఆ గీత మీద కత్తితో గాటు పెట్టాకే సన్న పళ్ళ రంపంతో కొయ్యాలి. గాటు లేకపోతే పై పొర పేళ్ళుగా లేస్తుంది. మూలల్లో రూపాయి బిళ్ళ పెట్టి గుండ్రంగా గీసి అరగదీయండి. లేకపోతే అవి సంచిని చింపుతాయి. తర్వాత 120 నంబరు, ఆపైన 220 నంబరు ఉప్పు కాగితంతో, చెక్క గీతల వెంటే రుద్దాలి. ముక్కుకు రుమాలు కట్టుకోవడం మరవవద్దు.

పాత క్లిప్పు తీయాలంటే రివెట్ తలను ఆకురాయితో అరగదీస్తే ఊడిపోతుంది. దాన్ని కొత్త చెక్క మీద పెట్టి రంధ్రాల గుర్తు వేసుకోండి. రంధ్రం అంచుకు ముప్పావు అంగుళమైనా లోపల ఉండాలి. చెక్క కింద పనికిరాని ముక్క పెట్టి రంధ్రం చేస్తే వెనక వైపు చీలదు. రివెట్ వెనక చిన్న వాషర్ తప్పనిసరి. అట్టకు ఆయుష్షు ఇచ్చేది ఈ వాషరే, కొన్న అట్టల్లో చాలా వాటికి ఇది ఉండదు.

క్లిప్పు బిగించే ముందే వార్నిష్ పలుచగా రెండు పూతలు, మధ్యలో ఒక రోజు ఆరనిచ్చి వేయాలి. మరీ మెరిస్తే ట్యూబులైటు కింద కళ్ళకు కొడుతుంది, కాగితం కూడా జారుతుంది. అంచులకు మాత్రం ఎక్కువ పూతలు వేయండి, నీరు లోపలికి పోయేది అక్కడి నుంచే.

పరీక్ష హాలులోకి తీసుకుపోయే అట్ట మీద ఏ రాతా ఉండకూడదు, పేరు కూడా రాయకండి. హాస్టల్‌లో అట్టలు తారుమారు కాకుండా ఉండాలంటే అంచుకు ఒక్కొక్కరు ఒక్కో రంగు వేసుకోండి.

– పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. ఫిజిక్స్